ఆరున్నొక్కటి

ఆదోని మార్కెట్ యార్డు వెనక, టీ కొట్టు మీది గది.
ఫ్యాను ఆపితేనే గొంతు శుభ్రంగా రికార్డవుతుంది.
మే నెల. దుప్పటి ముసుగేసుకుని,
ఫోన్ పెదాలకు ఆనించి
"ఒకటి" అన్నాను పదకొండుసార్లు.
పన్నెండోసారి కింద లారీ హారన్ కొట్టింది.
పదమూడోది పనికొచ్చింది.

నాలుగేళ్ల పిల్లలకు అంకెలు నేర్పే ఆట.
మొదట ఆపిల్ పండ్లు పెట్టాం.
మహబూబ్ బాషా గీశాడు, ఎర్రగా, మెరుపుతో సహా.
తర్వాత అవి తీసేసి బుడ్డలు పెట్టాం,
ఇక్కడి చేతులకు తెలిసినవి కదా అని.
తెర మీద మూడు కాయలు. ఎన్ని?
ఉరుకుందమ్మ వేలు గాల్లో ఆగింది.
"ఒలిస్తే కదక్కా తెలిసేది."
ఒకదాంట్లో రెండుండొచ్చు, ఒకదాంట్లో మూడు,
ఒకటి ఉత్త పుచ్చు కావచ్చు.
బాషా నా వైపు చూశాడు. నేను గోడ వైపు.

మరుసటి వారం మాట వినే ఆట తెచ్చాం.
గంపలో కాయ పడినప్పుడల్లా పాప పైకి లెక్కపెట్టాలి,
సరిగ్గా చెబితే చిలక రెక్కలాడిస్తుంది.
మొదటి కాయ పడింది.
"లాభం" అంది ఉరుకుందమ్మ.
చిలక కదల్లేదు.
"లాభం", ఇంకొంచెం గట్టిగా,
చెవుడున్నోళ్లకు చెప్పినట్టు.
ఎర్ర గుర్తు. టుంయ్ మని చిన్న శబ్దం.
ఆ శబ్దం నేనే ఏరాను,
ఏ పిల్లనూ నొప్పించనిది కావాలని
నలభై విని.

వాళ్లవ్వ బసమ్మ
యార్డులో రాలిన గింజలు ఊడ్చి, చెరిగి,
పొద్దు వాలినాక గేటు దగ్గర కొలిచి అమ్ముతుంది.
మొదటి పడి ఎప్పుడూ లాభమే.
ఆరు తర్వాత ఆరున్నొక్కటి.
"ఏడు అనవు, యాలవ్వా?" అని అడిగితే
"గింజ ముందర ఏడ్చమంటావా?" అంది,
చేతిలో పడి ఆపకుండా.

రాత్రి ఫలితాల పట్టిక తెరిచాను.
ఉరుకుందమ్మ, నాలుగున్నరేళ్లు.
ఒకటి: రాదు.
ఏడు: రాదు.
ఆరుకు ఒకటి చేరిస్తే ఏడన్నది
నా ఆటలో పంతొమ్మిదో మెట్టు.
తాళం వేసి పెట్టాను,
నలభై చుక్కలు గెలిస్తేగానీ తలుపు తెరుచుకోదు.
ఈ పిల్ల ఎప్పుడో కిటికీలోంచి దూరి
లోపల కూర్చుని ఉంది.

బెంగళూరు నుంచి ఫోను:
ఒక ప్రశ్నకు రెండు జవాబులుంటే పిల్లలు తికమక పడరా?
పిల్లలు పడలేదు సార్, అన్నాను.
ఆ పక్క కాసేపు కీబోర్డు చప్పుడు.
సరే, అన్నాడు. ఏది సరేనో చెప్పలేదు.

అవ్వ గొంతు కావాలి మాకు.
మెట్లెక్కి వచ్చింది, ఆయాసం తీర్చుకుంది,
దుప్పటి వద్దంది.
ఉత్త నోటితో లాభం అనదట.
కిందికి పోయి అర మూట బుడ్డలు తెచ్చాడు బాషా.
పడి ముంచి, తలగొట్టి, చేటలో పోస్తూ
"లాభం" అంది.
ఒక్కసారే. అదే ఉంచాం.
మాట వెనక గలగల రాలిన చప్పుడుంది,
తుడిచెయ్యనా అన్నాడు బాషా.
ఉండనీ అన్నాను.

సున్నా మాత్రం ఇంకా తెగలేదు.
ఖాళీ పడి బొమ్మ. ఎన్ని?
ఏదీ ముట్టకుండా ఆగడమే జవాబు,
అయిదు సెకన్లు.
ఉరుకుందమ్మ చేతులు రెండూ వీపు వెనక దాచుకుని
ఊపిరి కూడా బిగబట్టింది.
చిలక ఎగిరింది.
అంతలో కిందినుంచి అవ్వ కేక,
చెప్పులు మర్చిపోయి దిగిపోయింది.
తెర మీద మళ్లీ ఖాళీ పడి.
మళ్లీ అయిదు సెకన్లు.
ఎవరూ ముట్టలేదు.
ఎవరూ లేని చాప ముందు
చిలక మళ్లీ ఎగిరింది.

తెలిసి ఆగిన పిల్లకూ, లేచిపోయిన పిల్లకూ
తేడా ఎట్ల పట్టేది, బాషా?
అతను మిగిలిన బుడ్డలు ఒలుచుకుంటున్నాడు.
"ఇదో చూడు" అన్నాడు.
ఒకదాంట్లో నాలుగున్నాయి.